గొర్రెలు, మేకల్లో నట్టలు: మంద నుంచి ఇంటి దాకా రాకుండా ఆపే పద్ధతి

గుంటూరు చుట్టుపక్కల ఏ కాపరిని అడిగినా ఈ ఏడు నట్టల మందు ఎన్నిసార్లు పోశాడో టక్కున చెబుతాడు. ఏ గొర్రెకు ఎందుకు పోశావంటే మాత్రం జవాబు రాదు. "అందరూ పోస్తున్నారు, మనమూ పోశాం సార్" అంటాడు. మందుల షాపువాడు ఇచ్చిన సీసా, కళ్లతో వేసిన అంచనా బరువు, మంద మొత్తానికీ ఒకే కొలత. డబ్బు ఖర్చవుతుంది, పురుగు మాత్రం మందుకు అలవాటు పడుతుంది.

పట్నంవాళ్ల భయం ఇంకో రకం. విజయవాడలో ఆదివారం మటన్ కొట్టు దగ్గర నిలబడి, కార్జం మీద తెల్లటి బుడగ కనిపిస్తే "ఇది తింటే మనకొస్తుందా?" అని టెన్షన్ పడతారు. ఆ బుడగను కొట్టువాడు కోసి ఎదురుగా ఉన్న కుక్కకు విసిరినప్పుడు మాత్రం ఎవరూ పట్టించుకోరు. ప్రమాదం ఉన్నది ఆ విసరడంలోనే. గొర్రెల పురుగుల్లో మనిషిని నిజంగా దెబ్బతీసేవి చాలావరకు ఉడికిన మాంసం నుంచి రావు. కుక్క, పిల్లి, కాలువ గట్టు ఆకుకూర, కడగని చేయి, వీటి దారిన వస్తాయి. అందుకే ఈ పద్ధతిలో సగం మంద దగ్గర, సగం ఇంటి దగ్గర చేయాల్సినవి ఉన్నాయి.

మొదటి పని: ఏ పురుగో తేల్చుకోవడం

నట్టలన్నీ ఒకటి కావు. కాపరికి పనికొచ్చేంతవరకు నాలుగు గుంపులు తెలిస్తే చాలు.

ఏలిక పాముల జాతిలో మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది హీమాంకస్. గొర్రె నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగుతుంది. ఆడ పురుగును దగ్గరగా చూస్తే ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి గర్భాశయం మెలికలు తిరిగి, రెండు రంగుల దారం పేనినట్టు ఉంటుంది. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం లాగేస్తుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే సుమారు 2 లీటర్లు. లెక్క మీరే వేసుకోండి. ఈ పురుగు ఉన్నప్పుడు పారుడు ఉండకపోవచ్చు, పెంటికలు మామూలుగానే ఉంటాయి. కళ్లు పాలిపోతాయి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది, మంద వెనక పడిపోతుంది. ఒకరోజు పొద్దున లేవదు. ఇది మనిషికి వస్తుందేమోనని భయపడక్కర్లేదు.

రెండోది జలగలు. కార్జపు జలగ, పొట్ట జలగ రెండూ నత్తల ద్వారానే వస్తాయి. కార్జపు జలగ మనిషికీ రాగలదు. దీని సంగతి విడిగా చెబుతాను.

మూడోది బద్దె పురుగులు. పిల్లల పెంటికల మీద అన్నం మెతుకుల్లాంటి ముక్కలు కనిపించగానే కాపరి హడలిపోతాడు. కంటికి కనిపిస్తుంది కాబట్టి ఆ భయం. నిజానికి ఇది చేసే హాని తక్కువ, కనిపించని హీమాంకస్ చేసేది ఎక్కువ. గొర్రె పేగులో ఉండే ఈ బద్దె పురుగు వేరు, కుక్క పేగులో ఉండి గొర్రె కార్జంలో తిత్తులు పెట్టే బద్దె పురుగు వేరు. మనిషికి ముప్పు ఆ రెండో దానితోనే.

నాలుగోది కంటికి ఆనని ఏకకణ జీవులు. ఒకటి నుంచి నాలుగు నెలల పిల్లల్లో రక్తపు పారుడు తెచ్చే కాక్సిడియా గొర్రెది గొర్రెకే, మేకది మేకకే, మనిషికి రాదు. దీని మీద నట్టల మందు పనిచేయదు, మందు వేరు. కానీ పుట్టిన మొదటి వారాల్లో నీళ్ల పారుడు తెచ్చే క్రిప్టోస్పోరిడియం మాత్రం పిల్లల్ని ఎత్తుకునే మన పిల్లలకు అంటుతుంది. పిల్లి మలంతో వ్యాపించే టాక్సోప్లాస్మా కూడా ఈ గుంపులోదే.

కన్ను తిప్పి చూడండి

హీమాంకస్ ఉందో లేదో చెప్పడానికి కంటి కింది రెప్ప లోపలి రంగు మంచి గుర్తు. దక్షిణాఫ్రికా పశువైద్యులు దీనికి ఫమాచా అనే రంగుల అట్ట తయారు చేశారు. అందులో 1వ రంగు మంచి ఎరుపు, 5వది కాగితంలా తెలుపు. అట్ట దొరికితే మంచిదే, దొరక్కపోయినా పద్ధతి నేర్చుకోవచ్చు.

గొర్రెను ఎండ వెలుతురులో నిలబెట్టండి, కొట్టం నీడలో వద్దు. బొటనవేలితో పై రెప్పను కన్ను మీదికి మూయండి. మూసిన రెప్ప మీదుగా కనుగుడ్డును లోపలికి మెత్తగా నొక్కుతూ, రెండో చేతి బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగండి. లోపలి పొర ఉబికి బయటికి వస్తుంది. ఆ పొర రంగు చూడాలి, కంటి తెల్లగుడ్డు రంగు కాదు. లాగి పట్టుకుని ఎక్కువసేపు చూస్తే రంగు మారిపోతుంది, ఒక్క క్షణంలో చూసి వదిలేయాలి. రెండు కళ్లూ చూసి, పాలిపోయినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఎర్రగా ఉన్నవాటికి మందు వద్దు. తెల్లబడ్డవాటికి ఆ రోజే పోయాలి. మధ్యస్థంగా, లేత గులాబీ రంగులో ఉన్న చూడి గొర్రెలకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు, బక్కచిక్కినవాటికి పోయడం మంచిది. బలంగా ఉన్న పెద్ద గొర్రెనైతే మరో రెండు వారాలు గమనించవచ్చు.

ఈ మాట చెబితే కృష్ణా పశ్చిమ కాలువ గట్టున మంద మేపుకునే పెద్దాయన ఒకాయన నవ్వారు.

"సగం మందకు పోసి సగానికి పోయకపోతే, పోయనివాటి నుంచి మళ్లీ అంటుకోదా సారూ?"

"అంటుకుంటుంది బాబాయ్. అలా అంటుకోవడమే మనకు కావాలి."

కావాలని గొర్రెలకు పురుగు అంటించడం కాదు ఇది. మందు పోశాక చచ్చినవి పోగా మిగిలేవి ఆ మందుకు లొంగని మొండి పురుగులు. మంద మొత్తానికీ పోస్తే, ఆపైన గడ్డి మీద పడే గుడ్లన్నీ ఆ మొండివే. కొన్ని గొర్రెలకు పోయకుండా వదిలితే మందుకు లొంగే పురుగుల గుడ్లు కూడా గడ్డి మీద పడి, మొండివాటితో కలిసిపోతాయి. మందు ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. మంద మొత్తానికీ మందు పోసి వెంటనే కొత్త బీడుకు తోలమని ఒకప్పుడు పశువైద్యులే చెప్పేవారు. ఆ సలహా వల్లే చాలా దేశాల్లో మందులు ఒకదాని తర్వాత ఒకటి పనికిరాకుండా పోయాయి.

ఒక జాగ్రత్త. కన్ను తెల్లబడటానికి హీమాంకస్ ఒక్కటే కారణం కాదు. కార్జపు జలగ, గోమార్లు, మేత లేమి కూడా అలాగే చేస్తాయి. పోసిన మందుకు వారంలో తేడా కనిపించకపోతే మళ్లీ పోయకండి, కింద చెప్పిన పరీక్షకు వెళ్లండి. వర్షాకాలంలో ప్రతి రెండు వారాలకూ కన్ను చూడాలి. ఎండాకాలంలో నెలకోసారి చాలు.

పెంటికలు పరీక్షకు పంపడం

పశువుల ఆసుపత్రిలో ఈ పరీక్షను పేడ పరీక్ష అంటారు. నేల మీద పడ్డవి ఏరి తీసుకెళ్తే అవి ఏ గొర్రెవో తెలియదు, ఎండలో ఎంతసేపు ఉన్నాయో తెలియదు. చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని, మల ద్వారం నుంచి నేరుగా ఐదారు పెంటికలు తీసి, ఆ కవరునే తిరగేసి ముడి వేయండి. గాలి ఎక్కువ లేకుండా చూడండి. గొర్రె గుర్తు, వయసు, పోయినసారి మందు పోసిన తేదీ ఒక చీటీ మీద రాసి జత చేయండి. మందలో పది జీవాల నుంచి తీస్తే చాలు. అన్నీ బక్కవే కాకుండా పిల్లలు, తల్లులు, బాగున్నవి కలిపి తీయండి.

వేడికి గుడ్లు గంటల్లోనే పొదిగి పిల్ల పురుగులైపోతాయి, అప్పుడు పరీక్షలో లెక్క తప్పుతుంది. గుంటూరు ఎండలో ఇది మామూలే. ఐసు ముక్కలు వేసిన డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చండి. గడ్డకట్టేలా మాత్రం పెట్టొద్దు. మీ మండలంలోని పశువుల ఆసుపత్రిలో సూక్ష్మదర్శిని ఉంటే అక్కడే చూస్తారు. లేకపోతే జిల్లా స్థాయి పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపమని అడగండి. విజయవాడ వైపు వాళ్లకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. మందను కదిలించే వీల్లేని పరిస్థితిలో సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయొచ్చు.

ఫలితంలో ఒక గ్రాముకు ఎన్ని గుడ్లు అని అంకె వస్తుంది. ఆ అంకె అసలు విలువ మందు పోశాక తెలుస్తుంది. పోసిన 10 నుంచి 14 రోజులకు అవే గొర్రెల పెంటికలు మళ్లీ పరీక్ష చేయిస్తే గుడ్లు కనీసం 95 శాతం తగ్గాలి. తగ్గలేదంటే డోసు తక్కువైందనో, ఆ మందుకు మీ మందలోని పురుగు మొండికేసిందనో అర్థం. అదే సీసా మళ్లీ కొనడం దండగ. ఈ రెండో పరీక్ష చేయించే రైతు అరుదు, కానీ అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చేది ఇదే.

తూకం, సీసా, తాగించే తీరు

మందులు పనిచేయకపోవడానికి పెద్ద కారణం డోసు తక్కువ కావడం. కంటి చూపుతో 30 కిలోల గొర్రెను 22 కిలోలు అనుకోవడం మామూలే. వేలాడే కాటా లేకపోతే దర్జీ టేపుతో కొలవండి. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని భుజం ఎముక నుంచి పిర్ర ఎముక వరకు పొడవుతో గుణించి, 660తో భాగించండి. చుట్టుకొలత 28, పొడవు 26 అయితే 28 ఇంటూ 28 ఇంటూ 26 అంటే 20,384. దాన్ని 660తో భాగిస్తే సుమారు 31 కిలోలు. సైజును బట్టి మందను రెండు మూడు గుంపులు చేసి, ప్రతి గుంపులోనూ బరువైనదాన్ని బట్టి డోసు పెట్టుకోవాలి.

ఇప్పుడు సీసా చేతిలోకి తీసుకుని ముందు వైపు ఉన్న శాతం చదవండి. ఆల్బెండజోల్ అనే నట్టల మందు 2.5 శాతం బలంతోనూ వస్తుంది, 10 శాతం బలంతోనూ వస్తుంది. డబ్బా రంగు, గొర్రె బొమ్మ ఒకేలా ఉండొచ్చు, లోపలి మందు మాత్రం నాలుగింతలు తేడా. 2.5 శాతం అంటే ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములు. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 30 కిలోల గొర్రెకు 150 మిల్లీగ్రాములు కావాలి, అంటే 6 మిల్లీలీటర్లు. 10 శాతం సీసా నుంచి అవే 6 మిల్లీలీటర్లు పోస్తే అవసరానికి నాలుగింతలు పోసినట్టు. పోసే ముందు సీసాను బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుపోతుంది.

మేకలకు గొర్రెల డోసు సరిపోదు. మేక ఒంట్లో చాలా నట్టల మందులు త్వరగా కరిగి బయటికి పోతాయి, అందుకే పశువైద్యులు చాలా మందులకు గొర్రె డోసుకు ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో చెబుతారు. కానీ అన్ని మందులకూ అలా పెంచకూడదు. లెవమిసోల్‌లో సరైన డోసుకూ విషం అయ్యే డోసుకూ మధ్య దూరం తక్కువ. క్లోసాంటెల్ ఎక్కువైతే చూపు పోతుంది. మేకల డోసు డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు, పిల్లలు అవకరంతో పుట్టే ప్రమాదం ఉంది.

తాగించేటప్పుడు తలను పైకి ఎత్తకండి. చాలామంది చేసేది ఇదే. తల పైకెత్తి గొంతులో గబుక్కున పోస్తే పొలమారి మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నాలుగు రోజుల తర్వాత న్యుమోనియాతో చస్తే నింద మందు మీద పడుతుంది. తల నేలకు సమాంతరంగా ఉండాలి. దవడ పక్క ఖాళీలోంచి గొట్టం పెట్టి, నాలుక మొదట్లో పడేలా నిదానంగా పోయాలి. నోటి ముందు భాగంలో పోస్తే ఉమ్మేస్తుంది.

పాతకాలం నాటి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు మాత్రం మానేయండి. గొర్రె రాగిని తట్టుకోలేదు, కార్జంలో పేరుకుని ఒక్కసారిగా చంపుతుంది. వేపాకు రసం తాగిస్తే హాని లేదుగానీ, దవడ కింద నీరు దిగిన గొర్రెను వేప మీద వదిలేసి కూర్చుంటే అది మిగలదు. గోమార్లకు, గజ్జికి పత్తి, మిరప మీద కొట్టే పురుగుమందు కలిపి ఒంటి మీద పోసే అలవాటు గుంటూరు, పల్నాడు వైపు ఇంకా ఉంది. గొర్రె కన్నా ముందు పోసినవాడికే ప్రమాదం అది.

మందు పోసిన జీవాన్ని సీసా మీద రాసిన గడువు తీరేదాకా కోతకు అమ్మకండి. మందు అవశేషాలు మాంసంలోనే ఉంటాయి. పండగ ముందు బేరం వచ్చిందని పాటించకపోతే, తినేవాళ్లకు అది తెలిసే దారే లేదు.

గడ్డి మీద పురుగు ఎక్కడ ఉంటుంది

పెంటికతో పడ్డ గుడ్డు, వేడీ తేమా కలిసిన వానాకాలంలో వారంలో అంటుకునే దశకు చేరుతుంది. ఆ పిల్ల పురుగు మంచు తడిలో గడ్డి పోచ ఎక్కి కూర్చుంటుంది. ఎక్కువ భాగం నేల నుంచి రెండంగుళాల లోపే ఉంటాయి. గొర్రె మింగాక మూడు వారాల్లో పెరిగి గుడ్లు పెడుతుంది, ఒక ఆడ పురుగు రోజుకు 5,000కు పైగా. తొలకరి పడ్డ నెలా నెలన్నరకు మంద ఒక్కసారిగా పాలిపోవడానికి కారణం ఇదే.

అందుకే పొద్దున్నే మంచు ఆరకముందు మంద తోలొద్దు. గడ్డి మరీ నేలకు అంటుకుపోయేదాకా ఒకే బీడులో మేపొద్దు. మేకలకైతే ఆకు చూపించండి. సుబాబుల్, అవిశ, తుమ్మ, రావి ఏదైనా సరే, నడుము ఎత్తున ఉన్న ఆకు మీద ఈ పురుగు ఉండదు. మేక సహజంగా ఆకు తినే జంతువు, నేల గడ్డి పురుగును తట్టుకునే శక్తి దానికి గొర్రెకన్నా తక్కువ. సుబాబుల్ ఒక్కటే మేపకండి, మొత్తం మేతలో మూడో వంతు దాటితే జుట్టు రాలుతుంది.

మన ఎండాకాలం ఇక్కడ మనకు మేలే చేస్తుంది. ఏప్రిల్, మే ఎండకు నల్లరేగడి బీడు మీది గుడ్లూ పిల్ల పురుగులూ మాడిపోతాయి. బతికినవి గొర్రె కడుపులో, కొన్ని ఎదుగుదల ఆపుకుని, వానల కోసం కాచుకుని ఉంటాయి. తొలకరికి ముందు పోసే మందుకు అంత విలువ అందుకే. ఈనే రోజుల్లో తల్లి ఒంట్లో నిరోధక శక్తి తగ్గి గుడ్లు బాగా విడుదలవుతాయి, పుట్టిన పిల్లలు మేసే గడ్డి అదే. ఈత సమయంలో తల్లుల కళ్లు తప్పకుండా చూడండి.

జలగ: కాలువ గట్టు సంగతి

1855లో కృష్ణకు ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి డెల్టాలో కాలువ నీళ్లకు కొదవ లేదు. నీళ్లు నిలిచే చోట నత్త, నత్త ఉన్న చోట జలగ. తెనాలి, దుగ్గిరాల వైపు మాగాణి మందల్లో ఈ బెడద మెట్ట మందలకంటే ఎక్కువ ఉండటానికి కారణం ఇదే.

మన వైపు ఉండే కార్జపు జలగ ఫాసియోలా జైగాంటికా. పేడతో నీళ్లలో పడ్డ గుడ్డు పొదిగి, నత్త ఒంట్లో కొన్ని వారాలు పెరిగి, బయటికి వచ్చి నీటి అంచున గడ్డికి గింజలా అంటుకుంటుంది. నీళ్లు తీసిన కాలువలోకి, కోసిన వరి మడిలోకి మందను దింపినప్పుడు గొర్రె నోటికి చిక్కేది ఇదే. లోపలికి పోయాక గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా పేడ పరీక్షలో ఏమీ కనిపించదు, కార్జం మాత్రం చిల్లులు పడుతూ ఉంటుంది. మంద చస్తున్నా పరీక్షలో గుడ్లు లేవంటే జలగ లేదని అనుకోకండి. చచ్చినదాన్ని కోయించి కార్జం చూడటమే నమ్మకమైన పరీక్ష. లేత పొట్ట జలగ కూడా ఇలాగే, ముక్కు మూసుకునేంత కంపు కొట్టే పారుడుతో పిల్లల్ని చంపుతుంది, పేడలో గుడ్లు ఉండవు.

మందు ఎంపికలో తేడా తెలియాలి. ఆక్సిక్లోజనైడ్ ఎదిగిన జలగ మీద పనిచేస్తుంది, లేతవాటి మీద అంతంతమాత్రం. ట్రైక్లాబెండజోల్ లేత జలగనూ చంపుతుంది. మామూలు నట్టల మందు పోసి "జలగకూ సరిపోతుందిలే" అనుకుంటే కుదరదు. నీళ్ల తొట్టి దొడ్డి దగ్గరే పెట్టి కాలువ అంచున తాగడం తగ్గించడం, నీరు తగ్గుతున్న మురుగు గుంటలకు కంచె వేయడం మందుకన్నా చవక.

మనిషికి ఇది అదే గింజ నుంచి వస్తుంది. గొర్రె కార్జం వండుకుని తింటే రాదు. నీటి అంచున పెరిగిన ఆకును పచ్చిగా తింటే వస్తుంది. తూటికూర, కాలువ గట్టు పొన్నగంటి ఉడికించి తింటాం కాబట్టి బతికిపోయాం. సలాడ్లు, పచ్చి రసాల మోజు వచ్చాక మాత్రం ఆ ఆకు ఏ నీళ్లలో పెరిగిందో అడగాల్సిందే. కడిగినంత మాత్రాన ఆ గింజ ఊడి రాదు.

కొత్త జీవాలు

సంతలో కొన్న పొట్టేలును ఆ సాయంత్రమే మందలో కలిపితే, దాని మొండి పురుగులు మీ బీడుకు వచ్చినట్టే. రెండు మూడు వారాలు విడిగా కట్టేయండి. డాక్టరు చెప్పిన రెండు వేర్వేరు గ్రూపుల మందులు పోసి, పెంటికల పరీక్ష అయ్యాకే కలపండి.

కుక్క: అసలు లింకు ఇక్కడ

గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో కనిపించే నీటి తిత్తుల్లో రెండు రకాలున్నాయి. కార్జం అంచుకో, కడుపు కొవ్వుకో పలచటి సంచిలా వేలాడుతూ, లోపల ఒకే తెల్ల చుక్క ఉండేది ఒకటి. ఇది మనిషికి రాదు. కార్జంలోకి పాతుకుపోయి, గట్టి తెల్లటి గోడతో, కోస్తే నీళ్లు చిమ్మేది రెండోది. అది హైడాటిడ్. కళ్లతో తేడా చెప్పడం అన్నిసార్లూ కుదరదు కాబట్టి ఏ తిత్తినైనా హైడాటిడ్‌లాగే చూడటం క్షేమం.

ఆ తిత్తిని కుక్క తింటే దాని పేగులో ఎకైనోకోకస్ అనే బద్దె పురుగులు వేలల్లో పెరుగుతాయి. ఒక్కోటి అర అంగుళం కూడా ఉండదు, కుక్కకు ఏ జబ్బూ కనిపించదు. ఏడో వారానికల్లా మలంతో గుడ్లు మొదలు. ఆ గుడ్లు దాని బొచ్చుకు, మూతికి, దొడ్డి మట్టికి అంటుకుంటాయి. గడ్డితో గొర్రె మింగితే గొర్రెలో తిత్తి. కుక్కను నిమిరిన చేత్తో పిల్లాడు అన్నం తింటే పిల్లాడిలో తిత్తి. గొర్రె మాంసం తినని వాళ్లకూ ఈ జబ్బు వస్తుందంటే ఆశ్చర్యం లేదు. గొర్రె ఒక చోట నిలబడి గుండ్రంగా తిరిగే జబ్బు ఉందే, అందులో మెదడులోకి చేరే తిత్తి కూడా కుక్క బద్దె పురుగుదే. తలకాయను కుక్కకు వేసే అలవాటు దాన్ని పోషిస్తుంది.

చేయాల్సింది రెండే, రెండూ కలిసి చేయాలి. మంద కుక్కకు ప్రాజిక్వాంటెల్ మాత్ర కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన ఆరు వారాలకోసారి వేయండి. అన్ని కుక్క మాత్రల్లోనూ ఈ మందు ఉండదు, పేరు చూసి కొనండి. వేశాక రెండు రోజులు కట్టేసి, ఆ మలాన్ని లోతుగా పూడ్చండి. రెండోది, ఏ కుక్కకూ పచ్చి కార్జం, ఊపిరితిత్తులు, తలకాయ అందకూడదు. వేయాలనే ఉంటే అరగంటకు తగ్గకుండా మరిగించి వేయండి, తిత్తిలో ప్రాణం పోతుంది. మందలో చచ్చిన గొర్రెను గట్టు మీద పారేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

కోసే చోట, కొనే చోట

బక్రీదుకు, ఊరి జాతరకు, సంక్రాంతికి ఇంటి ముందో పొలం దగ్గరో కోసినప్పుడు పశువైద్యుడు చూడడు. ఆ రోజు ఊళ్లో కుక్కలకు పండగే. కోతకు ముందే మూత ఉన్న ఒక డ్రమ్ము పెట్టి, లోపలి భాగాలన్నీ అందులో వేయించి, సాయంత్రం పూడ్పించే బాధ్యత ఒకరికి అప్పగిస్తే చాలు. మసీదు కమిటీయో జాతర కమిటీయో ఒక్క మాట చెబితే ఊరంతా పాటిస్తుంది. కరపత్రాలు పంచడం కన్నా ఇదే మేలని నా నమ్మకం.

నగరంలో కార్పొరేషన్ కబేళాలో తనిఖీ అయి ముద్ర పడ్డ మాంసం అడిగి తీసుకోండి. కార్జం మీద తిత్తి కనిపిస్తే ఆ ముక్క వద్దనండి, చెత్త డబ్బాలో వేయమనండి. వండిన మాంసం వల్ల హైడాటిడ్ రాదు. కానీ టాక్సోప్లాస్మా మాంసం కండలోనే ఉంటుంది. మన కూర పద్ధతిలో కుక్కర్‌లో ఉడికితే దానికి ఢోకా లేదు. బయట ఎర్రగా కాలి లోపల పచ్చిగా ఉండే కబాబ్, సగం వేగిన కార్జం ముక్క, వండుతూ పచ్చి ఖైమా ఉప్పు చూడటం, వీటితోనే వస్తుంది. మాంసం కోసిన పీట మీదే కీరా కోయకండి.

ఈత రోజుల్లో, ఇంట్లో గర్భిణి ఉంటే

మేతలో, దాణా బస్తాల్లో పిల్లి మలం పడితే చూడి గొర్రెలు ఈసుకుపోతాయి. ఆ ఈసుకుపోయిన పిల్ల, మాయ, నీళ్లు ఇవన్నీ గర్భిణికి ప్రమాదం. టాక్సోప్లాస్మా ఒక్కటే కాదు, బ్రూసెల్లా వంటి బ్యాక్టీరియా కూడా అందులోనే ఉండొచ్చు. మా వైపు ఇళ్లలో ఈత పని ఆడవాళ్ల చేతుల మీదుగానే నడుస్తుంది. గర్భిణి ఉన్న ఇంట్లో ఆ పని ఇంకొకరు చేయాలి, గ్లౌజులు వేసుకోవాలి, మాయను కుక్కకు వేయకుండా పూడ్చాలి. దాణా మీద మూత ఉంచండి. మేక పాలు మరగబెట్టకుండా పసిపిల్లలకు పట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది, అది మానాలి.

పారుడు పట్టిన గొర్రె, మేక పిల్లల్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. శానిటైజర్ క్రిప్టోస్పోరిడియంను చంపదు, నీళ్ల తొట్టిలో వేసే క్లోరిన్ కూడా అంతే. గజ్జి పట్టిన మేకను పట్టుకున్నవాళ్లకు కొన్నాళ్లు దురద వచ్చి తగ్గుతుంది. గొర్రెల ముక్కులో పురుగు పెట్టే ఈగ ఒక్కోసారి కాపరి కంట్లో తన పిల్లల్ని వదిలిపోతుంది. కంట్లో ఇసుక పడ్డట్టు ఒక్కసారిగా మంట పుడితే నలపకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి, వాటిని తీసేస్తే నయమవుతుంది.

మనిషిలో అనుమానం వస్తే

హైడాటిడ్ తిత్తి ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా పెరుగుతుంది. ఎక్కువగా కార్జంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో. కుడి డొక్కలో బరువు, తగ్గని దగ్గు, లేకపోతే వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడటం. గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లినా ప్రైవేటుకు వెళ్లినా, డాక్టరు అడగకపోయినా "మాకు గొర్రెలున్నాయి, కుక్క ఉంది" అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్ల ఆలోచన మారుతుంది. నీటి తిత్తి కదా అని ఎక్కడపడితే అక్కడ సూది గుచ్చి నీరు తీయించుకోకూడదు. ఆ నీరు లోపల చిందితే ఒళ్లంతా దద్దుర్లతో ప్రాణం మీదికి రావచ్చు, చిందిన చోటల్లా కొత్త తిత్తులు మొలవచ్చు. తిత్తి దశను బట్టి మందులా, ఆపరేషనా, మందుల రక్షణలో జాగ్రత్తగా సూదితో తీయడమా అన్నది అనుభవం ఉన్న వైద్యులే తేలుస్తారు. గొర్రెలకు పోసే ఆల్బెండజోల్ సీసాను మనిషి తాగి చూడటం మాత్రం వద్దు. మనుషులకు మాత్రలు, కోర్సు, మధ్యలో చేసే రక్తపరీక్షలు అన్నీ వేరు.

తిత్తి ఒకరి నుంచి ఒకరికి అంటదు, రోగి కంచం వేరుగా పెట్టక్కర్లేదు. అయినా ఇంట్లో ఒకరికి బయటపడితే మిగతావాళ్లందరూ ఒకసారి కడుపు స్కాన్, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. అందరూ నిమిరింది ఆ ఒక్క కుక్కనే.